టాంగో పుస్తకం నేర్పేది, నేర్పలేనిది

అర్జెంటీనా టాంగోను పుస్తకం చదివి నేర్చుకోవచ్చా అని అడిగితే, ఆ నాట్యంలో ఏళ్ల తరబడి నలిగినవారిలో ఎక్కువమంది తడుముకోకుండా కుదరదనే చెబుతారు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు పట్టుకుని, ముందుగా ఏమీ అనుకోకుండా, సంగీతం నడుస్తుండగానే అడుగులు కూర్చుకునే నాట్యాన్ని కాగితం మీద చూసి పట్టుకోవడం అసాధ్యమన్నది వారి వాదన. అడుగు వేయడం వరకు ఆ మాట నిజమే. కానీ టాంగోలో అడుగు ఒక్కటే లేదు. అడుగుకీ అడుగుకీ మధ్య ఒక వ్యాకరణం ఉంది, ఆ అడుగులను నడిపించే సంగీతానికి ఒక కట్టుబడి ఉంది, పదుల కొద్దీ జంటలు ఒకే గదిలో ఒకరికొకరు తగలకుండా తిరగడానికి ఒక మర్యాద ఉంది. ఈ విషయాల్లో మంచి పుస్తకం ఇచ్చే స్పష్టత గంటసేపు సాగే క్లాసులో తరచుగా దొరకదు. అందుచేత టాంగో పుస్తకంలో ఏ పేజీని దేనికోసం చదవాలన్నదే అసలు తేల్చుకోవలసిన విషయం.

ఈ పుస్తకాలకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర రియో దె లా ప్లాతా నదీముఖానికి అటూ ఇటూ ఉన్న బ్యూనస్ ఎయిర్స్, మాంటెవీడియో నగరాల్లోని పేదల పేటల్లో రూపుదిద్దుకున్న టాంగో, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందటి సంవత్సరాల్లో పారిస్‌ను ఊపేసి, అక్కడి నుంచి లండన్‌కు, న్యూయార్క్‌కు పాకింది. ఆ ఊపులోనే మధ్యతరగతి ఇళ్ల కోసం నాట్య పాఠ్యపుస్తకాలు వెలువడ్డాయి. అమెరికాలో పేరుపొందిన నర్తక దంపతులు వెర్నన్, ఐరీన్ కాసిల్ 1914లో ప్రచురించిన ఆధునిక నాట్యాల పుస్తకంలో టాంగోకూ చోటుంది. ఆ కాలపు పుస్తకాల పద్ధతి సూటిగా ఉండేది. ఒక్కో విన్యాసానికి ఒక పేరు పెట్టి, భంగిమ ఫోటో వేసి, ఏ కాలు ఎప్పుడు ఎటు వెళ్లాలో వరుసగా చెప్పేవారు. 1920లలో ఇంగ్లండులోని నాట్యోపాధ్యాయులు బాల్‌రూమ్ నాట్యాలన్నింటికీ ప్రామాణిక రూపం నిర్ణయించినప్పుడు టాంగోను కూడా ఆ చట్రంలోకి తెచ్చారు. పరీక్షలకు, పోటీలకు వీలుగా స్థిరపడిన ఆ బాల్‌రూమ్ టాంగో ఈనాటికీ నడుస్తోంది గానీ, జంట పట్టుకునే తీరులోనూ సంగీతాన్ని వాడుకునే తీరులోనూ అది బ్యూనస్ ఎయిర్స్ నాట్యానికి దూరమై వేరే నాట్యంగా మారింది. ఎప్పటికప్పుడు అల్లుకునే నాట్యాన్ని వరుసల జాబితాగా రాసి పెడితే, కొంతకాలానికి ఆ జాబితాయే నాట్యంగా చెలామణి అవుతుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

బ్యూనస్ ఎయిర్స్‌లో మాత్రం విద్య నోటి నుంచి నోటికి, అంతకంటే ఎక్కువగా ఒంటి నుంచి ఒంటికి సాగింది. వలసల వల్ల ఆ నగరంలో స్త్రీల కంటే పురుషుల సంఖ్య చాలా ఎక్కువగా ఉండేది. యువకులు ప్రాక్తికా అనే సాధన గోష్ఠుల్లో పెద్దల చేతుల్లో పడి, ముందు చాలాకాలం ఫాలోవర్‌గా, అంటే ఎదుటివారి అడుగును అందుకునే పాత్రలో నాట్యం చేసి, ఆ తర్వాతే లీడర్‌గా జతను నడిపించడం మొదలుపెట్టేవారు. అడుగును అందుకోవడం ఎలా ఉంటుందో ఒంటికి తెలిశాక అడుగును ఇవ్వడం నేర్చుకునే ఆ క్రమంలో వివరణ అవసరం పెద్దగా ఉండేది కాదు. 1935 నుంచి 1955 వరకు సాగిన స్వర్ణయుగంలో వేలాదిమంది అలాగే నేర్చుకున్నారు. 1955లో అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్ ప్రభుత్వం కూలిపోయిన తర్వాత నాట్యశాలలు పలచబడ్డాయి. ఒక తరం పూర్తిగా టాంగోకు దూరమైంది. 1983లో పారిస్‌లో మొదలై 1985లో బ్రాడ్‌వే చేరిన ‘టాంగో అర్హెంతీనో’ ప్రదర్శన ప్రపంచమంతటా మళ్లీ ఆసక్తి రేపినప్పుడు, నేర్చుకోవాలని వచ్చిన విదేశీయులకు దొరికింది కొన్ని నెలలో, కొన్ని వారాలో మాత్రమే. ఏళ్ల ప్రాక్తికాకు బదులుగా వారికి వివరణ కావలసివచ్చింది. పాత మిలోంగెరోలలో, అంటే టాంగో సభల్లోనే పండిపోయిన నర్తకుల్లో, చాలామందికి తాము చేసేది చేసి చూపించడమే తెలుసు. దాన్ని విడదీసి చెప్పవలసిన అవసరం వారికి అంతవరకు రాలేదు. టాంగోకు సిద్ధాంతం అనదగినది ఒక పద్ధతిగా తయారైంది ఆ తర్వాతి కాలంలోనే.

మొదట్లో ఆ అవసరాన్ని తీర్చినది ఎనిమిది అడుగుల ప్రాథమిక వరుస. ఇది లేని ప్రారంభ పుస్తకం అరుదు గనుక దీన్ని కొంచెం దగ్గరగా చూడడం మంచిది. లీడర్ కుడికాలు వెనక్కి వేస్తాడు. ఎడమకాలితో పక్కకు జరుగుతాడు. ఫాలోవర్‌కు కుడి పక్కగా కుడికాలు, తర్వాత ఎడమకాలు ముందుకు వేస్తాడు. అయిదో లెక్కకు తన పాదాలు దగ్గర చేర్చుతాడు, అదే క్షణంలో ఫాలోవర్ ఎడమకాలు ఆమె కుడికాలి ముందుగా వచ్చి కత్తెరలా నిలుస్తుంది. దీనినే క్రుసాదా అంటారు. ఆరో అడుగు ముందుకు, ఏడోది పక్కకు, ఎనిమిదో లెక్కకు పాదాలు మళ్లీ దగ్గరవుతాయి. కాగితం మీద ఇది ఎంతో శుభ్రంగా కనిపిస్తుంది. చిక్కు మొదటి అడుగులోనే ఉంది. మిలోంగాలో, అంటే టాంగో నర్తకులు కలుసుకునే సభలో, జంటలన్నీ గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో ఒకరి వెనక ఒకరుగా తిరుగుతాయి. ఆ ప్రవాహంలో లీడర్ వెనక్కి అడుగు వేస్తే కనబడని జంట మీదకు వెళ్లినట్టే. పుస్తకంలోని వరుసను అక్షరాలా కంఠస్థం చేసుకున్నవారు సభలో మొట్టమొదట చేసే పని చేయకూడని పని అవుతుంది.

అయిదో అడుగులో ఉన్న చిక్కు ఇంకా లోతైనది. ఆమె కాలు ఎందుకు కత్తెర పడింది? చాలా పుస్తకాలు అక్కడ కత్తెర వేయాలని మాత్రం చెప్పి ఊరుకుంటాయి. అలా చదివిన ఫాలోవర్ అయిదో లెక్క రాగానే, లీడర్ కోరినా కోరకపోయినా, కాలు కత్తెర వేస్తుంది. నిజానికి అక్కడ జరిగేది వేరు. మూడో అడుగులో లీడర్ ఆమె పక్కకు వెళ్లినప్పుడు ఇద్దరి ఛాతీలు ఒకరివైపు ఒకరు ఉండడానికి నడుము దగ్గర కొద్దిగా మెలితిరుగుతారు. నాలుగో అడుగు తర్వాత లీడర్ తన పైశరీరాన్ని మళ్లీ ఆమెకు ఎదురుగా తెస్తాడు. అప్పుడు ఆమె నడుము మెలిక విడిపోతూ, వెనక్కి వస్తున్న ఎడమకాలిని కుడికాలి ముందుకు చేరుస్తుంది. కారణం పైశరీరంలో ఉంది, ఫలితం పాదాల్లో కనబడుతుంది. దీనిని లీడర్ ప్రతిసారీ తెలియజేయాలా, లేక ఆ స్థితి వస్తే ఫాలోవర్ అలవాటుగా చేయాలా అన్న దానిపై ఉపాధ్యాయుల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయితే రెండు పక్షాలూ ఒప్పుకునే కారణాన్ని కూడా చెప్పకుండా పాదముద్రల బొమ్మ మాత్రం గీసిన పుస్తకం చదువరికి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

పాదముద్రల బొమ్మలన్నింటికీ ఉన్న పరిమితి ఇదే. నేలను పైనుంచి చూస్తూ గీసిన ఆ బొమ్మలో బరువు కనిపించదు. టాంగోలో ఒక అడుగు మొదలయ్యేది నిలిచి ఉన్న కాలిలో. ఆ కాలు నేలను నెడుతుంది, ఖాళీగా ఉన్న కాలు ముందుకో వెనక్కో సాగుతుంది, పైశరీరం బయలుదేరుతుంది, బరువు కొత్త కాలి మీదకు పూర్తిగా చేరుతుంది, వెనక ఉన్న కాలు దగ్గరకు వస్తుంది. లీడర్ బరువు కదలడం మొదలుపెట్టిన ఆ చిన్న వ్యవధిలోనే ఫాలోవర్‌కు కౌగిలి ద్వారా సమాచారం అందుతుంది. ఆమె కాలు సాగి చోటు చూసుకున్నాక ఇద్దరూ కలిసి చేరుకుంటారు. మాటల్లో ఈ క్రమాన్ని రాయవచ్చు, పైన రాసినట్టే చాలా పుస్తకాలు జాగ్రత్తగా రాశాయి కూడా. అయినా ఎంత బరువు, ఎంత ముందుగా, ఎదుటివారి ఎత్తును బట్టి, ఆ రోజు అలసటను బట్టి ఎంత మార్పు అన్నది కాగితం చెప్పలేదు. ఆ కొలత రెండు శరీరాల మధ్య ఎప్పటికప్పుడు తేలేది. కదలికలు నేర్చుకోవడంపై జరిగిన పరిశోధనలు కూడా, మనసు తన అవయవాల మీద కంటే కదలిక బయట కలిగించే ఫలితం మీద నిలిచినప్పుడు అభ్యాసం మెరుగ్గా సాగుతుందని తరచుగా చూపాయి. మడమ, మోకాలు, తుంటి అంటూ పుస్తకం ఇచ్చిన జాబితాను తలలో పెట్టుకుని నడిచే కొత్తవారు బిగుసుకుపోవడానికి కారణం ఇదే కావచ్చు.

ఇంతవరకు పుస్తకానికి వ్యతిరేకంగా చెప్పుకున్నా, సిద్ధాంతం దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారిపోతుంది. 1990లలో బ్యూనస్ ఎయిర్స్‌లో గుస్తావో నవేయ్‌రా, ఫాబియన్ సలాస్ తదితర నర్తకులు కలిసి చేసిన అన్వేషణ టాంగోను వరుసల జాబితా నుంచి విడిపించింది. వారు వేసుకున్న ప్రశ్న చాలా మౌలికమైనది: ఇద్దరు మనుషులు కౌగిలి వదలకుండా చేయగలిగిన కదలికలు ఎన్ని, వాటి మధ్య సంబంధం ఏమిటి? ఒకరి చుట్టూ మరొకరు తిరుగుతున్నారని అనుకుంటే అడుగులు మూడే రకాలు. ఎదుటివారి ముందుగా వేసేది, పక్కకు తెరుచుకునేది, వెనకగా వేసేది. లీడర్ చుట్టూ ఫాలోవర్ తిరిగే మోలినేతె అనే విన్యాసంలో ఈ అడుగులు ముందు, పక్క, వెనక, పక్క అన్న క్రమంలో వస్తాయి. పక్క అడుగు తర్వాత ముందుది వచ్చిందంటే, మళ్లీ వచ్చే పక్క అడుగు తర్వాత వెనకది వస్తుంది. ఈ ఒక్క సూత్రం తెలిసిన లీడర్‌కు, ఆమె ప్రస్తుతం ఏ అడుగులో ఉందో గమనిస్తే చాలు, తర్వాతి రెండు అడుగులు ఏవో ముందే తెలుస్తాయి. ఏ క్షణంలో తను ఎక్కడ చేరాలో అప్పుడే నిర్ణయించుకోగలుగుతాడు.

సకాదా అనే కదలికను తీసుకుంటే ఈ వ్యాకరణం ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుస్తుంది. ఒకరి కాలు వదిలిపెడుతున్న చోటులోకి, బరువు సరిగ్గా మారుతున్న క్షణాన, మరొకరు అడుగు పెట్టడమే సకాదా. చూసేవారికి ఒకరి కాలు మరొకరి కాలిని తోసేసినట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి ఎవరూ ఎవరినీ తోయరు. చోటు వదిలేవారి అడుగు మూడు రకాల్లో ఏదైనా కావచ్చు, చోటులోకి వచ్చేవారి అడుగూ మూడు రకాల్లో ఏదైనా కావచ్చు. అంటే తొమ్మిది జతలు. ఒక్కొక్కరూ కుడికాలితో గాని ఎడమకాలితో గాని వేయవచ్చు కాబట్టి వీటిని నాలుగుతో హెచ్చవేస్తే 36. ఇద్దరూ వేర్వేరు కాళ్లు, అంటే ఒకరు ఎడమ మరొకరు కుడి, వాడితే దాన్ని సమాంతర పద్ధతి అని, ఇద్దరూ ఒకే వైపు కాలు వాడితే క్రాస్ పద్ధతి అని అంటారు. 36లో సగం ఒక పద్ధతికి, సగం మరో పద్ధతికి చెందుతాయి. ఇలాంటి పట్టికను క్లాసులో గంటలో చూపించడం కుదరదు. పుస్తకంలో ఒక పేజీ చాలు. ఆ పేజీని పక్కన పెట్టుకుని, తనకు ఇప్పటికే వచ్చిన సకాదాలు ఏ గళ్లలో పడతాయో గుర్తుపెట్టుకున్న నర్తకుడికి ఖాళీ గళ్లు కనిపిస్తాయి. వాటిలో కొన్ని శరీరానికి సహజంగా అమరవు, కొన్ని సభలో చోటు చాలక ప్రమాదకరమవుతాయి, మరికొన్ని అంతవరకు తోచని అందమైన మార్గాలుగా తేలతాయి. ఏది ఏ రకమో పట్టిక చెప్పదు. ప్రాక్తికాలో ఏం ప్రయత్నించి చూడాలో మాత్రం అది చెబుతుంది, నేర్చుకునేవారికి అది తక్కువ సాయం కాదు. ఇదే ఉద్దేశంతో మరో దారి తొక్కినవారు రొడోల్ఫో, గ్లోరియా డిన్సెల్ దంపతులు. వారు టాంగో కదలికలను రాసుకోవడానికి ప్రత్యేకంగా ఒక సంకేత లిపినే తయారుచేశారు.

అయినా పుస్తకం నిజంగా రాణించేది సంగీతం దగ్గర అనిపిస్తుంది, ఎందుకంటే వినడం నేర్చుకోవడానికి జత అవసరం లేదు. టాంగో నర్తకుల్లో అధిక భాగం అడుగుల మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా చెవి మీద పెట్టరు. ఈ లోటు ఫ్లోర్ మీద వెంటనే బయటపడుతుంది. స్వర్ణయుగపు వాద్యబృందంలో బాందొనియన్లు (అకార్డియన్‌ను పోలిన వాద్యాలు), వయొలిన్లు, పియానో, డబుల్ బాస్ ఉంటాయి. డ్రమ్స్ ఉండవు. లయ వాయించే వాద్యం విడిగా లేకపోవడంతో, దెబ్బ వినడానికి అలవాటుపడిన చెవికి మొదట ఏమీ అందదు. నడక లయను బాస్, పియానో ఎడమచేయి, బాందొనియన్ల కుదింపు కలిసి మోస్తాయని చదివి తెలుసుకున్నాక అదే పాట వింటే వేరే పాటలా ఉంటుంది.

పాట కట్టుబడి కూడా అంతే. ఆ కాలపు రికార్డులు 78 ఆర్‌పీఎం డిస్కుల మీద వచ్చినవి కాబట్టి రెండున్నర నుంచి మూడు నిమిషాల్లో ముగుస్తాయి. చాలా టాంగోలలో రెండు ముఖ్య భాగాలు మారి మారి వస్తూ మొత్తం అయిదు ఖండాలుగా ఉంటాయి. ఒక్కో ఖండం సుమారు 32 నడక అడుగులు పడుతుంది, అది ఎనిమిదేసి అడుగుల నాలుగు వాక్యాలుగా విడిపోతుంది. ఒక కాగితం తీసుకుని, పాట వింటూ ఎనిమిది అడుగులకు ఒక గీత చొప్పున గీసుకుంటూ పోతే, నాలుగు గీతల దగ్గర వాద్యబృందం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగడం, కొత్త ఖండం మొదలవడం రెండు మూడు సార్లు వినేసరికే చెవికి పట్టుబడుతుంది. తొలి వాక్యం చివర ఆగగలిగిన జంట, ఆగలేని జంట ఒకే అడుగులు వేస్తున్నా చూసేవారికి తేడా తెలిసిపోతుంది.

లయలోని మెలికలు తెలుగు చదువరికి మరింత సులువుగా అందుతాయి. రెండు నడక అడుగుల వ్యవధిని ఎనిమిది అక్షరాలుగా విడదీసి, 1, 4, 7 మీద ఒత్తు వేస్తే టాంగోలో తరచుగా వినిపించే 3-3-2 నడక వస్తుంది. పాశ్చాత్య పుస్తకాలు దీనికి స్వరలిపి ఇచ్చి పేజీల కొద్దీ వివరిస్తాయి. తకిట తకిట తక అని నోటితో చెప్పుకుంటూ, మామూలు నడక పడవలసిన 1, 5 మీద చేత్తో తట్టుకోగలిగినవారికి అంత వివరణ అక్కర్లేదు. వాద్యబృంద నాయకుడు ఒస్వాల్దో పుగ్లియేసె సంగీతంలోనూ, ఆ తర్వాత ఆస్తోర్ పియాసోలా రచనల్లోనూ ఈ నడకను గుర్తుపట్టవచ్చు. వాద్యబృందాల స్వభావం కూడా చదివి వింటేనే త్వరగా తెలిసే విషయం. 1935 చివర్లో రొడోల్ఫో బియాజి పియానో దగ్గర కూర్చున్నాక హువాన్ డారియెన్సో బృందం పదునైన, తెగిపడే లయతో నాట్యశాలలను నింపింది. కార్లోస్ ది సార్లి బృందం దగ్గర వయొలిన్లు సాగుతూ పోతాయి, అడుగు కూడా సాగాలి. పుగ్లియేసె దగ్గర వేగం ఒక్కోసారి లోపలికి ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటుంది. ఒకే వరుసను ముగ్గురికీ ఒకేలా వేసేవారు ముగ్గురిలో కనీసం ఇద్దరిని వినలేదన్నమాట.

సభ మర్యాదల గురించి చెప్పడానికి పుస్తకం అచ్చంగా సరిపోతుంది. మూడు లేదా నాలుగు పాటలను కలిపి ఒక తాందాగా వేస్తారని, మధ్యలో కోర్తినా అనే వేరే సంగీతపు ముక్క రాగానే జతలు విడిపోతాయని, దూరం నుంచి చూపు కలిపి తలపంకించడం ద్వారా నాట్యానికి పిలుస్తారని, ముందున్న జంటను దాటిపోకూడదని ఒకసారి చదివితే గుర్తుంటాయి. ఇవి తెలియక పోగొట్టుకునే నాట్యాలు సాంకేతిక లోపాల వల్ల పోయేవాటి కంటే తక్కువేమీ కావు.

పాత పుస్తకాల్లో కనిపించే ఒక పక్షపాతాన్ని మాత్రం చదువరి గుర్తించి సరిదిద్దుకోవాలి. వాటిలో చాలావరకు లీడర్‌ను ఉద్దేశించి రాసినవి. ఫాలోవర్ విషయం ‘ఆమె అదే అడుగును తిరగవేసి వేస్తుంది’ అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఇరుసు మీద నిలిచి తిరగడం, నడుము మెలిక ద్వారా ఓచోలు (ఎనిమిది అంకె ఆకారంలో తిరిగే అడుగులు) వేయడం, అడుగు అందినా తొందరపడకుండా సంగీతం కోసం ఆగడం ఇవన్నీ అంతే సాధన కోరే విద్యలు. బ్యూనస్ ఎయిర్స్ కుర్రవాళ్లు ముందు ఫాలోవర్‌గా ఏళ్లు గడిపేవారన్న చరిత్రను గుర్తుపెట్టుకుంటే, నేడు లీడ్ చేయాలనుకునేవారు కూడా ఫాలోవర్ అధ్యాయాన్నే ముందు చదవడం, దాన్ని ప్రాక్తికాలో తమ ఒంటి మీద పరీక్షించుకోవడం సబబు. రెండు పాత్రలూ తెలిసిన ఉపాధ్యాయులు రాసిన ఇటీవలి పుస్తకాలు ఈ లోటును చాలావరకు తీరుస్తున్నాయి.

చదివే క్రమం గురించి చెప్పవలసి వస్తే, సంగీతం, సభ మర్యాదలు మొదటి రోజు నుంచే చదవదగినవి. నడక, కౌగిలి కొన్ని నెలలు కేవలం ఉపాధ్యాయుడి దగ్గరే జరగాలి. అడుగుల వ్యాకరణం మాత్రం మోలినేతె ఒంటికి అలవాటైన తర్వాతే పుస్తకంలో తెరవాలి, ఎందుకంటే ముందు, పక్క, వెనక అన్న మూడు అడుగులకూ అప్పటికి చదువరి శరీరంలో అనుభవం ఉంటుంది, పట్టికలోని ప్రతి గడికీ ఒక జ్ఞాపకం తగులుతుంది. అంతకుముందు తెరిస్తే అవి పేర్లుగానే మిగులుతాయి. వేర్వేరు పుస్తకాలు ఒకే కదలికను వేర్వేరు పేర్లతో పిలుస్తాయి కూడా కాబట్టి, కదలిక తెలియనివారికి రెండో పుస్తకం మొదటిదాన్ని మరింత గందరగోళం చేస్తుంది.